దీనికి చాలు, దీనికి చాలదు

పుత్తూరు,
23 ఆగస్టు 2025, శనివారం

నియాజ్ అబ్బా,

పెంచలమ్మ మొన్న మంగళవారం, ఆగస్టు 19 ఉదయం 6.40కి తిరుపతి ఆసుపత్రిలో చనిపోయింది.

ఆమె ఎవరో నీకు తెలియదు. గూడూరు నిమ్మకాయల యార్డులో కాయలు ఏరే పని చేసేది. వయసు అరవై ఒకటి. జులై 21న యార్డులో తడి గోతం మీద కాలు జారి పడింది. గూడూరులోనే ఎక్స్‌రే తీయించి, మరునాడు కొడుకు హరినాథ్ రేణిగుంటలో రైలు మార్పించి నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఎముక విరగలేదు, తుంటి బెణికింది అని చెప్పి పసరు కట్టు కట్టాను. మూడో రోజు నుంచి నడవమన్నాను. ఆమె నడిచింది. జులై 31న ఇంటి గుమ్మంలో మళ్ళీ పడింది. తిరుపతిలో తీసిన కొత్త ఎక్స్‌రేలో తొడ ఎముక పైభాగం, తుంటిలో కూర్చునే చోట, రెండుగా విడిపోయి కనిపించింది. మొదటి ఎక్స్‌రేలోనే అక్కడ సన్నటి చీలిక ఉందని డాక్టరు రాశాడు. ఆపరేషన్ చేశారు. మంచం మీద ఉండగా కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయింది.

హరినాథ్ కేసు పెట్టాడు. గురువారం పోలీసులు వచ్చి నా ఫోన్, నువ్విచ్చిన కంప్యూటర్ రెండూ తీసుకెళ్ళారు. కట్లు కట్టే వరండాకు తాళం వేశాను. సంగతి తెలియనివాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. చేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చి తాళం చూసి పోతున్నారు.

చిత్తూరు వకీలు రవిచంద్ర నీతో ఫోన్‌లో మాట్లాడొద్దన్నాడు. అందుకే ఉత్తరం. స్కూల్లో నా నోట్సులు నువ్వే రాసిచ్చేవాడివి. నా చేతిరాత అప్పటి నుంచీ ఏమీ బాగుపడలేదు, ఓపిగ్గా చదువు.

వకీలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఏం సూసి ఇరగలేదన్నావప్పా?" కంప్యూటర్‌లో చూశానన్నాను. "కొత్తదా?" కాదు, తిరుపతిలో సెకండ్‌హ్యాండ్ అంగడిది అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "అట్లయితే నీదేం తప్పుండాది? తప్పు మిషనుది."

నిన్ను ఒకటే అడుగుతున్నాను. ఆ తెర మసకదని, ఎక్స్‌రే చూడడానికి పనికిరాదని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టు. నీకు పోయేది ఒక పాత మిషను మంచిపేరు. నాకు నాయన నేర్పిన పని పోయేటట్టుంది. జైలు మాట కూడా వకీలు ఎత్తాడు.

మునీంద్ర

---

తిరుపతి,
29 ఆగస్టు 2025

మునీంద్రా,

నీ ఉత్తరం బుధవారం అందింది. మా అమ్మీకి చదివి వినిపించాను. పెంచలమ్మ పేరు రెండుసార్లు చెప్పించుకుని దువా చేసింది. తర్వాత తన ఎడమ మణికట్టు పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి మీ నాయన కట్టింది.

నువ్వడిగిన కాగితం గురించి రాసే ముందు కొన్ని విషయాలు గుర్తుచేస్తాను.

నువ్వు నా అంగడికి వచ్చింది 2022 మార్చిలో. ఎక్స్‌రే సెంటర్లు ఫిల్ము ఇవ్వడం మానేశాయి, అందరూ ఫోన్లలో బొమ్మలు తెస్తున్నారు, పెద్దగా చూడడానికి ఏదైనా కావాలి అన్నావు. కొత్తది కొనే స్తోమత లేదన్నావు. నేను చూపించింది ఒక ఆఫీసువాళ్ళు వదిలేసిన మిషను. అప్పటికి దాని వయసు ఎనిమిదేళ్ళు. లోపలి పాత డిస్కు తీసి కొత్త డిస్కు వేశాను. స్విచ్ వేసిన నలభై సెకన్లలో సిద్ధమయ్యేది.

ప్రతి మిషనుతో నేనొక చీటీ ఇస్తానని నీకు తెలుసు. మధ్యలో గీత. ఎడమ గడిలో 'దీనికి చాలు', కుడి గడిలో 'దీనికి చాలదు'. కొనేవాడు ఏం పని చేస్తాడో అడిగి, ఆ పని మిషను మీద చేసి చూసి, అప్పుడే రాస్తాను. నీ చీటీ రాసేముందు అమ్మీ మణికట్టు పాత ఫిల్మును కిటికీకి ఆనించి ఫోటో తీసి ఆ తెర మీద పెట్టాను. దారప్పోగంత చీలిక. నువ్వు లేచి వచ్చి వేలు పెట్టి "ఇదో, ఈడ" అన్నావు. ఎక్స్‌రే అనే మాట ఎడమ గడిలో రాసింది ఆ తర్వాతే.

ఇచ్చిన రోజున ఆ మిషను ఆ పనికి చాలింది. ఆ మాట మీద నిలబడతాను. పనికిరాదని రాయాలంటే అది ఎప్పటి నుంచి పనికిరాకుండా పోయిందో నాకు తెలియాలి. మూడు విషయాలు చెప్పు. జులై 22న మిషను ఎన్నింటికి ఆన్ చేశావు? మీ అమ్మాయి హేమశ్రీ తెర మీద పెట్టిన 'ఫిల్ము' గుర్తు మీద నొక్కి తెరిచావా, ఇంకెక్కడి నుంచైనా తెరిచావా? వరండా తలుపు వెలుతురు తెర మీద పడుతూ ఉందా?

ఈ మూడూ తెలిస్తే ఏం రాయగలనో చెబుతాను.

నియాజ్

---

చిత్తూరు,
9 సెప్టెంబర్ 2025

నియాజ్,

కోర్టు దగ్గర టీ అంగడి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. వకీలు లోపలున్నాడు. ఆయన వచ్చేలోపు పూర్తి చేయాలి.

నువ్వు పోలీసు మాదిరి ప్రశ్నలు వేశావు. పోలీసులు ఇంతకంటే మర్యాదగా అడిగారు.

3వ తేదీ పేపర్లో వచ్చింది నువ్వు చూసే ఉంటావు. 'చవక కంప్యూటర్‌తో కట్టు వైద్యం, మహిళ మృతి.' నా పేరు వేశారు. నీ అంగడి పేరు వేయలేదు కానీ వీధి పేరు వేశారు. ఆ వీధిలో అట్లాంటి అంగడి నీదొక్కటే. అది నేను చెప్పించింది కాదు. వకీలు చెప్పి ఉండొచ్చు.

నాయన పద్ధతి నీకు గుర్తుందా? ఫిల్ము చేతికి రాగానే వాకిట్లోకి నడిచేవాడు. నీడలో చూసేవాడు కాదు. ఎండకు ఎత్తి చూసి, దెబ్బ తగిలిన మనిషి వెంట వచ్చినవాళ్ళను పిలిచి వాళ్ళకూ చూపించేవాడు. తర్వాత లోపలికి వచ్చి ఎముక తడిమేవాడు. తడిమాక మళ్ళీ వాకిట్లోకి పోయి రెండోసారి ఎత్తి చూసేవాడు. అప్పుడే పసరు నూరమనేవాడు. "రెండుమాట్లు సూడకుండా కట్టు ముట్టుకోవాకరా" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ఫిల్ములున్నంత కాలం నేనూ అట్లాగే చేశాను. ఇప్పుడు ఎండకు ఎత్తడానికి చేతిలో ఏముంది?

హరినాథ్ ఆగస్టు 30న మా ఇంటికి వచ్చాడు. గొడవ చేస్తాడేమోనని హేమశ్రీ భయపడింది. చేయలేదు. వరండా మెట్టు మీద, రోగులు కూర్చునే చోట కూర్చున్నాడు.

"అన్నా, మాయమ్మ ఫోటో నువ్వు సూసినావు గదా?"

"సూసినాను."

"దేంట్లో సూసినావు?"

కంప్యూటర్‌లో అన్నాను. అతను ఖాళీ టేబుల్ కేసి చూశాడు. నీళ్ళు కావాలా అని అడిగాను. వద్దన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

నీ చీటీ ఇంకా గోడకే ఉంది. ఎక్స్‌రే అని ఎడమ గడిలో రాసింది నీ చేతిరాతే. వకీలు దాని ఫోటో తీసుకున్నాడు. నువ్వు కాగితం రాసివ్వకపోతే ఆ చీటీనే వాడతానంటున్నాడు. నేను వద్దని అనలేదు.

మునీంద్ర

---

నగరి,
20 సెప్టెంబర్ 2025

మునీంద్రా,

మిషన్లు వెనక్కి తెచ్చుకునే పని మీద ఈ ఊరు వచ్చాను. పేపర్లో వచ్చిన రోజు నుంచి నిన్నటి వరకు ఇరవై రెండు తిరిగొచ్చాయి. ఆడపిల్లల ట్యూషన్ సెంటర్ ఒకటే ఎనిమిది పంపింది. నాలుగేళ్ళుగా ఆ ఎనిమిదింటి మీద పిల్లలు టైపు నేర్చుకున్నారు, దరఖాస్తులు నింపారు, పరీక్షలు రాశారు. ఒక్కటీ చెడిపోలేదు. "చెడిపోలేదని కాదు నియాజ్ భాయ్, పిల్లల తల్లులు అడగతా ఉండారు" అంది నడిపే ఆవిడ.

ఇక్కడ తులసీరాం అని మరమగ్గాల ఆయన ఉన్నాడు. చీర అంచుల డిజైన్లు నా దగ్గర కొన్న పాత మిషను మీదే వేస్తాడు. నన్ను చూడగానే మగ్గం ఆపాడు.

"ఏమప్పా నియాజూ, నీ డబ్బాలు మనుషుల్ని గూడా సంపతాయంట గదా? నాది ఇంకా నెమళ్ళ కాడనే ఉండాది."

వెనక్కి తీసుకుంటానన్నాను.

"దేనికి? అది బాగానే పనిచేస్తాది. నీ అంగడి చీటీ మాత్రం గీకేసినా. సేట్లు వస్తా పోతా ఉంటారు. ఏమనుకోవాకప్పా."

ఏమీ అనుకోలేదు. మిషను మీద జిగురు మరక మిగిలి ఉంది.

ఇక అసలు సంగతి. మొన్న 18న నన్ను స్టేషన్‌కు పిలిచారు. మిషను నాదేనని గుర్తుపట్టమన్నారు. గుర్తుపట్టాను. వాళ్ళ సాంకేతిక నిపుణుడు ఒక కాగితం తీశాడు. ఏ కంప్యూటరైనా ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఆగింది తనలో తాను రాసుకుంటుంది. అది మనం చెరిపినా తేలిగ్గా పోదు. ఆ కాగితంలో రెండు వరుసలు నాకు చూపించాడు.

జులై 21, సాయంత్రం 5.52: ఆపారు.
జులై 23, ఉదయం 6.05: ఆన్ చేశారు.

మధ్యలో ఏమీ లేదు. పెంచలమ్మ నీ వరండాలో ఉన్న రోజంతా ఆ మిషను ఆన్ కాలేదు. ఆమె ఎక్స్‌రే అందులోకి ఎక్కనే లేదు.

హరినాథ్ ఖాళీ టేబుల్ చూసి ఎందుకు లేచి వెళ్ళాడో నాకు అప్పుడు తెలిసింది. అతను ఆ రోజు నీ ఎదురుగా ఉన్నాడు.

నువ్వు చూడని తెర మసకదని నన్ను రాసివ్వమన్నావు. ఇరవై రెండు మిషన్లు, తులసీరాం గీకేసిన పేరు, ఇవి నీకు చెప్పాలి కాబట్టి చెప్పాను. కాగితం రాయను. దేంట్లో చూశావు?

నియాజ్

---

పుత్తూరు,
4 అక్టోబర్ 2025

నియాజ్ అబ్బా,

ఫోన్‌లో చూశాను.

జులై 22 మంగళవారం హేమశ్రీ కాలేజీ సీటు పని మీద మొదటి బస్సుకే చిత్తూరు వెళ్ళింది. రోజూ ఆరింటికి మిషను ఆన్ చేసేది అదే. నేను వరండాలోకి వచ్చేసరికి తొమ్మిది. ముప్పైనాలుగు మంది ఉన్నారు. స్విచ్ వేయాలని టేబుల్ దాకా వెళ్ళాను. మే నెల నుంచి అది సిద్ధమవడానికి ఆరు నిమిషాలు తీసుకుంటోంది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ ఆరు. ఒక చంటిబిడ్డ భుజం జారి ఏడుస్తూ ఉంది. స్విచ్ వేయకుండానే వెనక్కి తిరిగాను. ఆ రోజు అందరివీ ఫోన్లలోనే చూశాను.

పెంచలమ్మ వంతు పదకొండు దాటాక వచ్చింది. హరినాథ్‌కు తిరుగు రైలు ఉంది. గూడూరు సెంటర్ వాళ్ళు బొమ్మను యార్డు మేస్త్రీ ఫోన్‌కు పంపారట. మేస్త్రీ హరినాథ్‌కు పంపాడు. హరినాథ్ నాకు పంపాడు. రెండు వేళ్ళతో లాగి చూశాను. పెద్దదయ్యేకొద్దీ గళ్ళు గళ్ళుగా చెదిరింది. గీత ఏదీ కనిపించలేదు. తడిమాను. అక్కడ ఆమె కేక వేయలేదు. ముప్పై ఏళ్ళు గోతాలు మోసిన మనిషి, ఓర్చుకుంది. "నొప్పి ఉండాదామ్మా?" అంటే "ఉంటాది గదా నాయనా, పడినాను గదా" అంది. నాయనైతే రెండోసారి చూసేవాడు. నేను చూడలేదు.

వకీలు పోయిన వారం హేమశ్రీని పిలిపించాడు. ఆ రోజు మిషను తనే ఆన్ చేసి పోయినానని చెప్పమన్నాడు. పోలీసుల కాగితం సంగతి ఆయనకు అప్పటికి తెలియదు. హేమశ్రీ ఒప్పుకోలేదు. "నేను ఆ పొద్దు చిత్తూర్లో సంతకం పెట్టిండాను సార్, మా నాయన కోసం అబద్ధం చెప్తే రెండు చోట్ల దొరకతాను" అంది. బస్సెక్కాక ఒకే మాట అంది. "ఆరు నిమిషాలే గదా నాయనా."

ఇక నిన్నేమీ అడగను. నీకు తెలిసింది రాసుకో. ఒక మాట అడగాలని ఉంది కానీ అడగను.

చీటీ గోడ మీంచి తీసేశాను. వకీలుకు దాన్ని వాడొద్దని చెప్పాను.

మునీంద్ర

---

తిరుపతి,
27 అక్టోబర్ 2025

మునీంద్రా,

జవాబు ఆలస్యమైంది. పండగలు కారణం కాదు.

నీ ఉత్తరంలో 'మే నెల నుంచి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను నీకు రాయని సంగతి ఒకటి ఉంది. పోలీసులకూ చెప్పలేదు. మే 14న నువ్వు మిషను రిపేరుకు తెచ్చావు. నేను వేసిన కొత్త డిస్కు పోయింది. సరైనది అంగడిలో లేదు. వెనక గదిలో ఒక పాత డిస్కు ఉంటే అది బిగించాను. పది రోజులు ఓర్చుకో, కొత్తది రాగానే మారుస్తానన్నాను. కొత్తవి మే 27న వచ్చాయి. మిషన్ల వేగం పెంచమని ట్యూషన్ సెంటర్ తొందర పెడుతుంటే అన్నీ వాళ్ళకు బిగించాను. నీకు ఫోన్ చేయలేదు. నీ చీటీ మార్చలేదు. ఆ డిస్కుతో నువ్వే గనక కొత్తగా కొనడానికి వచ్చి ఉంటే, జనం కాచుకుని ఉండే చోట ఎక్స్‌రే చూసే పనిని నేను కుడి గడిలో రాసేవాణ్ణి.

నా మొదటి ఉత్తరంలో 'ఇచ్చిన రోజున' అని రాశాను. ఆ మాట కావాలనే ఎంచుకున్నాను.

ఇంకొకటి. నువ్వు అడగకుండా వదిలేసిన మాట ఏమిటో ఫోన్‌లో వెతికాను. జూన్ 11, ఉదయం 10.20. నీది: "అబ్బా, ఆన్ కావడానికి ఆరు నిమిషాలు పడతా ఉండాది. జనం కూసోనుండారు." నాది, 10.31కి: "డిస్కు వచ్చే వారం మారుస్తా. అర్జెంటైతే ఫోన్‌లో సూసేయబ్బా, బొమ్మ అదే గదా."

చెరపడానికి దాని మీద వేలు పెట్టాను. చెరపలేదు. నీ ఫోన్ పోలీసుల దగ్గరే ఉందని ఆ తర్వాత గుర్తొచ్చింది. ఏది ముందు జరిగిందో నిజంగానే రాస్తున్నాను.

16న గూడూరు వెళ్ళాను. హరినాథ్ యార్డులో కాయలు గ్రేడు చేస్తున్నాడు.

"ఆ మిషను నేనిచ్చిందే" అన్నాను.

"తెలుసు. పేపర్లో సదివినా." తల ఎత్తలేదు. "ఏం గావాల?"

"మీ అమ్మ ఎక్స్‌రే. ఫోన్‌లోది కాదు, సెంటర్లో ఉండే అసలు బొమ్మ."

"దేనికి? తప్పించుకోడానికా?"

"తప్పు యాడుండాదో సూడ్డానికి."

చేతులు గోతానికి తుడుచుకుని నాతో వచ్చాడు. సెంటర్లో సంతకం పెట్టి ఇప్పించాడు. మేము నడిచేటప్పుడు ఒక మాటన్నాడు. "మాయమ్మకు మీ మునీంద్ర సామిమీద గురి. పెద్దాసుపత్రికి పోదామంటే ఒద్దనింది. పుత్తూరు కట్టు అయితే సాలనింది."

నీకిచ్చిన రకం మిషనే, అదే ఆఫీసు నుంచి వచ్చిన తెరే ఇంకోటి నా దగ్గర ఉంది. కొత్త డిస్కు వేసి బొమ్మ పెట్టాను. స్విచ్ వేసిన దగ్గర్నుంచి బొమ్మ తెరుచుకోవడానికి నలభైనాలుగు సెకన్లు. ఏమీ చెప్పకుండా అమ్మీని పిలిచి కూర్చోబెట్టాను. ఆమెకు డెబ్బైనాలుగు. ఒక కంట్లో పొర ఉంది. కాసేపు చూసి, కొంగు చివర పట్టుకుని తెర తుడవబోయింది. "వెంట్రుక అంటుకుంది బేటా, పోవడం లేదే" అంది. తర్వాత హరినాథ్ నీకు పంపిన బొమ్మను ఫోన్‌లో చూపించాను. వెంట్రుక ఉందా అని అడిగాను. లేదంది.

ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పంపినప్పుడల్లా బొమ్మ కుదించుకుపోతుంది. ఇది ఇరవై ఏళ్ళుగా ఈ పని చేసేవాడికి తెలియని విషయం కాదు. బొమ్మ అదే కదా అని నీకు రాసిన రోజు కూడా నాకు తెలుసు.

హరినాథ్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"ఆన్ చేసుంటే కనబడేదా?"

"కనబడేది."

అవతల యార్డులో వేలం పాడుతున్నారు. అది వినిపించింది. తర్వాత "సరే" అని పెట్టేశాడు.

నియాజ్

---

పుత్తూరు,
5 నవంబర్ 2025

నియాజ్ అబ్బా,

జూన్ మెసేజ్ నాకు మొదటి నుంచీ గుర్తుంది. వకీలుకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన ఆ రోజే నీ పేరు కేసులోకి లాగేవాడు. తెర మసకదని రాయమని నిన్ను అడిగినప్పుడు ఆ మెసేజ్ కంటే అది మేలేలే అనుకున్నాను. చిన్న తప్పు ఒకటి నీ మీద వేసి పెద్దది దాచుదామనుకున్నాను. నీకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను, నమ్ము.

నువ్వు ఫోన్‌లో చూడమన్నావు కాబట్టి నేను చూడలేదు. నువ్వు చెప్పకముందే, ఏప్రిల్లో కరెంటు పోయినప్పుడు రెండు మూడు సార్లు చూశాను. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. దాంతో అలవాటైంది.

ఆ మెసేజ్ సంగతి విచారణలో నువ్వుగా చెప్పొద్దు. వాళ్ళు నా ఫోన్‌లో వెతికితే వెతకనీ. నీ అంగడి మీద ఆరుగురు బతుకుతున్నారు. నేనెట్లాగూ కట్టు కట్టబోయేది లేదు. బోర్డు దించేశాను. పసరు ఆకు చెట్టుకు మాత్రం నీళ్ళు పోస్తున్నాను, అలవాటు కొద్దీ. నిన్న సైకిల్ మీంచి పడ్డ మనిషి ఒకడు వచ్చాడు. వేలు పెట్టకుండానే మణికట్టు విరిగిందని తెలిసింది. తిరుపతి బస్సెక్కించి పంపాను. "మీ నాయన అయితే ఇట్ల పంపేటోడు కాదు" అన్నాడు. అవునన్నాను.

నీ చీటీ ఇందులో పెట్టి పంపుతున్నాను. మూడేళ్ళు గోడకు ఉంది కదా, మూలలన్నీ పసరు మరకలు. నా దగ్గర ఉంటే వకీలు ఎప్పుడైనా అడుగుతాడు. నీ దగ్గరే ఉంచుకో. చింపినా సరే.

మునీంద్ర

---

తిరుపతి,
12 నవంబర్ 2025

మునీంద్రా,

చీటీ చింపలేదు. వెనక వైపు మే 14 తేదీ వేసి, ఆ రోజు రాయవలసింది ఇప్పుడు రాశాను. కుడి గడిలో. కింద, ఈ మాట రాసింది నవంబర్ 10న అని కూడా వేశాను. పాత తేదీతో రాశానని ఎవరూ అనకూడదు.

అదే రోజు విచారణ అధికారికి నా వాంగ్మూలం ఇచ్చాను. నాలుగు పేజీలు. తెర బాగుంది. మిషను ఆ పనికి చాలినదే. మేలో నేను వేసిన డిస్కు చాలినది కాదు. మారుస్తానని మార్చలేదు. జూన్ 11న ఫోన్‌లో చూడమని నేనే రాశాను. మెసేజ్ ప్రింటు జత చేశాను. చెప్పొద్దన్నావు. నీ మాట తీసేశానని బాధపడకు. హేమశ్రీ చెప్పలేనని అన్న అబద్ధం నేను మౌనంగా చెప్పలేను.

నువ్వు ఆ రోజు స్విచ్ వేయలేదన్నది కూడా అందులో ఉంది. అది నీ నోటితో నువ్వు చెబితే బాగుంటుంది. వకీలు వద్దంటాడు. ఏం చేస్తావో నీ ఇష్టం.

దీనివల్ల నీకు శిక్ష తగ్గుతుందో లేదో నాకు తెలియదు. నా పేరు కేసులో చేరుస్తారా అని అధికారిని అడిగాను. చెప్పలేనన్నాడు. నాలుగో వంతు కూడా అమ్మకాలు లేవు కాబట్టి ముగ్గురిని పని మానమన్నాను. తిరిగొచ్చిన మిషన్లు వెనక గదిలో వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి లోపల ఏముందో చూసి, చీటీలు మళ్ళీ రాస్తున్నాను. నిన్నటికి పందొమ్మిది అయ్యాయి. రెండింటి చీటీలు తప్పు.

సోమవారం, నవంబర్ 17, ఉదయం పదిన్నరకు పుత్తూరులో విచారణ. మనల్ని ఇద్దరినీ రమ్మన్నారు. హరినాథ్ మొదటి రైలుకు వస్తానన్నాడు. సీలు తీసి, మే నుంచి అందులో ఉన్న డిస్కుతోనే, మన ముగ్గురి ముందు మిషను ఆన్ చేస్తారు. గడియారం పెట్టి కాలం రాసుకుంటారు. అది సిద్ధమయ్యాక పెంచలమ్మ ఎక్స్‌రే అసలు బొమ్మ తెరుస్తారు. సెప్టెంబర్ 18న స్టేషన్‌లో సాంకేతిక నిపుణుడు ఒకసారి కొలిచాడు. స్విచ్ వేశాక ఆరు నిమిషాల పది సెకన్లు ఆ తెర మీద ఏమీ కనిపించదు. అంతసేపూ మనం హరినాథ్ ఎదురుగా కూర్చోవాలి.

నియాజ్